56–51: బ్రిటన్ యూదుల బోర్డు కథ

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, పైగా ఈ ఉక్కపోతలో ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. కరపత్రం చూసి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. "మాస్టారూ, గోదావరి ఒడ్డున కూచుని లండన్ యూదుల సంఘం గోల మనకెందుకండీ?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు మన రాజమండ్రిలోనే ఉంది, అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

1917 డిసెంబరులో ఇండియా వ్యవహారాల మంత్రి మద్రాసు వచ్చాడు. ఆంధ్రులకి వేరే రాష్ట్రం కావాలని వినతిపత్రం పట్టుకుని ఆయన్ని కలిసిన బృందానికి పెద్ద ఎవరో ఇక్కడ చెప్పక్కర్లేదు: మన న్యాపతి సుబ్బారావు పంతులుగారు. ఆ వచ్చిన మంత్రి ఎడ్విన్ మాంటేగు. గ్రూప్ పరీక్షలకి చదివినవాళ్లకి ఆ పేరు నోటికొచ్చిన పాఠం. మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు, 1919, ద్వంద్వ పాలన. అయిదు మార్కులు. నేను ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పాను. ఒక్కనాడూ ఆ మాంటేగు ఎవరు, ఏ ఇంటివాడు అని నేను ఆలోచించలేదు, పిల్లలూ అడగలేదు. రిటైరయ్యాక తీరిక దొరికి చదివితే తెలిసింది, ఆయన యూదుడని. 1917 ఆగస్టు 20న ఇండియాలో బాధ్యతాయుత ప్రభుత్వం దిశగా వెళ్తామని పార్లమెంటులో ప్రకటించిన మనిషి, మూడు రోజులు తిరక్కుండా, ఆగస్టు 23న తన సాటి మంత్రులకి ఇంకో కాగితం రాశాడు. దానికి ఆయన పెట్టిన శీర్షిక "ప్రస్తుత ప్రభుత్వపు యూదు వ్యతిరేకత". తను ఉన్న ప్రభుత్వం మీదే! ఎందుకు రాశాడు? యూదుల తరఫున ఎవరో మాట్లాడుతున్నారు, వాళ్లు నా తరఫున మాట్లాడటం లేదు అని.

ఆ "ఎవరో" అన్న మాట పట్టుకుని వెతికితే నాకు దొరికిందే ఈ బోర్డు. పూర్తి పేరు బోర్డ్ ఆఫ్ డెప్యుటీస్ ఆఫ్ బ్రిటిష్ జ్యూస్. ఇకనుంచి బోర్డు అంటాను.

ముందుగా ఒక సంగతి. యూదుల సంఘం, రాజకీయం అనగానే మనలో కొందరికి వాట్సాప్‌లో వచ్చే కథలు గుర్తొస్తాయి. ప్రపంచాన్ని నడిపేది వాళ్లే, బ్యాంకులన్నీ వాళ్లవే, ఇలాంటివి. ఆ కథలు వినడానికి వచ్చినవాళ్లుంటే వాళ్లని నిరాశపరుస్తాను, క్షమించాలి. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి మేం యూదులం అని రాసుకున్నవాళ్లు 2,71,327 మంది. మొత్తం జనాభాలో అరశాతం. అక్కడి హిందువులు పది లక్షలు దాటారు. ఆ అరశాతం మంది తమలో తాము ఎంతగా పోట్లాడుకున్నారో చెప్పడమే నా ఇవాళ్టి పని. ఇంకో మాట కూడా. అమెరికాలో ఏఐపాక్ అని ఉంది, పేరు వినే ఉంటారు. అది అమెరికా–ఇజ్రాయెల్ సంబంధాల కోసం పనిచేసే లాబీ. ఒక సమాజం తరఫున ఎన్నికైన ప్రతినిధుల సభ కాదు. బోర్డు మాత్రం అలా ఎన్నికైన ప్రతినిధుల సభే. రెండిటినీ కలిపేయొద్దు.

1290లో మొదటి ఎడ్వర్డ్ రాజు యూదుల్ని ఇంగ్లండ్ నుంచి వెళ్లగొట్టాడు. 1656 ప్రాంతంలో, క్రామ్‌వెల్ కాలంలో, మళ్లీ రానిచ్చారు. ముందొచ్చినవాళ్లు స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న సెఫార్డీలు. వ్యాపారస్థులు, కాస్త కలిగినవాళ్లు. లండన్‌లో బెవిస్ మార్క్స్ అనే వాళ్ల సినగాగు, అంటే ప్రార్థన మందిరం, 1701 నాటిది, ఇవాళ్టికీ నడుస్తోంది. వాళ్ల తర్వాత జర్మనీ, పోలండ్ వైపు నుంచి వచ్చినవాళ్లు అష్కెనాజీలు. దేవుడొక్కడే, గ్రంథమొక్కటే. కానీ మీరెవరు, మేమెవరు అన్న పట్టింపు మాత్రం గట్టిగానే ఉండేది. మనకది విడమరిచి చెప్పక్కర్లేదు.

1760లో మూడో జార్జి గద్దెనెక్కాడు. కొత్త రాజుకి విధేయత తెలపాలి. సెఫార్డీ పెద్దలు ఏడుగురు డెప్యుటీలని, అంటే ప్రతినిధుల్ని, ఎంచుకుని వెళ్లారు. అష్కెనాజీలకి కోపం వచ్చింది, వియ్యంకుణ్ణి పిలవకుండా తాంబూలాలు పుచ్చుకున్నట్టయింది వాళ్లకి. మమ్మల్ని వదిలేసి యూదుల తరఫున వెళ్లడానికి మీరెవరు అన్నారు. సరే, ఉమ్మడి విషయాలొస్తే ఇద్దరం కలిసి కూర్చుందాం అని రాజీ కుదిరింది. బోర్డు పుట్టింది ఆ అలకలోంచే. పుట్టిననాడు అడిగిన ఆ ప్రశ్న ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

తర్వాత డెబ్బై అయిదేళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. ఎప్పుడో రాజు మారితే ఒక అభినందన పత్రం, అంతే. అసలు బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తే మీరు నవ్వుతారు. పెళ్లిళ్ల రిజిస్టరు నుంచి.

1753లో ఇంగ్లండ్‌లో పెళ్లిళ్ల చట్టం వచ్చింది. ఆంగ్లికన్ చర్చిలో జరిగితేనే పెళ్లి, లేకపోతే చెల్లదు. క్వేకర్లు అనే చిన్న క్రైస్తవ శాఖకీ, యూదులకీ మినహాయింపు. 1836లో కొత్త చట్టం తెచ్చి ప్రతి పెళ్లీ సర్కారు లెక్కలోకి రావాలన్నారు. ప్రతి సినగాగులో రిజిస్టరు రాసే కార్యదర్శి ఒకడు ఉండాలి. బాగానే ఉంది. ఫలానా చోటు నిజంగా యూదుల సినగాగే, ఈయన నిజంగా దాని కార్యదర్శే అని ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది? ప్రభుత్వానికి హీబ్రూ రాదు, ఆచారాలు తెలియవు. అందుకని చట్టంలో రాసేశారు: బోర్డు అధ్యక్షుడు ధ్రువీకరిస్తే చాలు. ఒక ప్రైవేటు సంఘం అధ్యక్షుడి సంతకం చట్టంలో భాగమైపోయింది. మన తాసిల్దారు ఒక కులసంఘం అధ్యక్షుడితో "అయ్యా, మీవాళ్ల పెళ్లి సర్టిఫికెట్ల మీద ముద్ర మీరే వెయ్యండి" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మర్నాటినుంచి ఆయన ఇంటి ముందు ఎన్ని కార్లు ఆగుతాయో!

ఆ ముద్ర చేతిలో ఉన్నది ఎవరికి? సర్ మోజెస్ మాంటిఫియోరికి. 1784లో పుట్టి 1885 దాకా బతికాడు, నూరేళ్లు నిండిన మనిషి. 1835 నుంచి 1874 దాకా, మధ్యలో చిన్న చిన్న విరామాలు తప్ప, ఆయనే అధ్యక్షుడు. దానధర్మాల్లో చెయ్యి పెద్దది, ఆచారం విషయంలో పట్టు గట్టిది. 1840లో లండన్‌లో కొన్ని కుటుంబాలు విడిపోయి, ప్రార్థనలు కొంత సంస్కరించి, వెస్ట్ లండన్ సినగాగు పెట్టుకున్నాయి. మాంటిఫియోరి వాళ్లకి ముద్ర వెయ్యనన్నాడు. చీఫ్ రబ్బీ, అంటే ప్రధాన మతగురువు, వాళ్లది సినగాగే కాదన్నాడు కాబట్టి నేనెలా ధ్రువీకరిస్తాను అని ఆయన వాదన. ఫలితం ఏమిటంటే ఆ సంస్కరణవాదుల ఇంట్లో పెళ్లయితే రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకసారి, సినగాగులో ఒకసారి. చివరికి 1856లో వాళ్లు పార్లమెంటు దాకా వెళ్లి తమకోసం వేరే చట్టం తెచ్చుకున్నారు. తమ పెళ్లి తాము చేసుకోవడానికి పార్లమెంటు చట్టం!

ఈలోగా 1853లో ఇంకో తమాషా. బయటి ఊళ్ల సినగాగులు కొన్ని తమ డెప్యుటీలుగా ఈ సంస్కరణవాదుల్నే ఎన్నుకుని పంపాయి. లోపలికి రానివ్వాలా వద్దా? ఓట్లు సరిసమానంగా చీలాయి. మాంటిఫియోరి అధ్యక్షుడి ఓటు వేసి తలుపు మూసేశాడు. సంస్కరణవాదులు బోర్డులో అడుగుపెట్టడానికి 1886 దాకా పట్టింది.

ఆయన్ని ఇంత తిట్టి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. అదే మాంటిఫియోరి 1840లో చేసిన ఒక పని వల్ల బోర్డు పేరు ఇంగ్లండ్ దాటింది. డమాస్కస్‌లో ఒక క్రైస్తవ సన్యాసి, ఆయన నౌకరు మాయమయ్యారు. యూదులే చంపి రక్తం తీసుకున్నారని నింద. యూరప్‌లో వందల ఏళ్లుగా ఉన్న పాడు పుకారు అది. పట్టుకుని చిత్రహింసలు పెట్టారు, కొందరు చచ్చిపోయారు. మాంటిఫియోరి, ఫ్రాన్స్ నుంచి అడాల్ఫ్ క్రెమ్యూ అనే లాయరు కలిసి ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ దగ్గరికి వెళ్లారు. చాలా రోజులు తిప్పించుకుని ఆయన చివరికి విడుదలకి ఒప్పుకున్నాడు. హుకుం చూస్తే అందులో "క్షమించి" అన్న మాట ఉంది. నేరం చెయ్యనివాళ్లని క్షమించడం ఏమిటి, ఆ మాట తియ్యండి అని పట్టుబట్టారు. తీయించారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే. జైలు తలుపు తెరుచుకుంటుంటే ఒక మాట కోసం ఆగడం! లాయర్ల సభలో చెప్తే చప్పట్లు కొడతారు.

పార్లమెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. లయనెల్ రోత్‌షీల్డ్ అనే యూదు బ్యాంకరు 1847లో లండన్ సిటీ నుంచి ఎన్నికయ్యాడు. ప్రమాణంలో "క్రైస్తవుడి నిజమైన విశ్వాసం మీద" అని ఉంది. అననన్నాడు. గెలుస్తాడు, కూర్చోనివ్వరు, మళ్లీ గెలుస్తాడు. పదకొండేళ్లు అలా గడిచాక 1858లో కూర్చున్నాడు. మధ్యలో డేవిడ్ సాలమన్స్ అనే ఇంకో యూదుడు ఆ మాటలు వదిలేసి ప్రమాణం చేసి, సీట్లో కూర్చుని, ఓటు కూడా వేసి, 500 పౌండ్ల జరిమానా వేయించుకున్నాడు. ఈ పోరాటంలో ముందున్నది ఇలాంటి వ్యక్తులు. బోర్డు వెనకాల మెల్లగా నడిచింది. ముందు పరిగెత్తడం ఆ సంస్థ స్వభావంలో లేదు. మంత్రిని కలవడం, ఉత్తరం రాయడం, బయట మాట్లాడకపోవడం, ఇదీ వాళ్ల పద్ధతి. ఆ పద్ధతి పనిచేసినన్నాళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది.

1881 తర్వాత రష్యాలో యూదుల మీద దాడులు మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి లక్షకి పైగా యూదులు బ్రిటన్ చేరారు. ఎక్కువమంది లండన్ తూర్పు పేటల్లో దిగారు. దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు, గదికి ఎనిమిదిమంది. మాట్లాడేది యిడ్డిష్, తూర్పు యూరప్ యూదుల భాష. బోర్డులో కూర్చున్నవాళ్లు బ్యాంకర్లు, బారిస్టర్లు. ఒకే మతం, రెండు ప్రపంచాలు. ఇక 1917 సంగతి చెప్తే అర్థమవుతుంది.

బయటిదేశాల వ్యవహారాలు చూడటానికి బోర్డు, ఆంగ్లో–జూయిష్ అసోసియేషన్ అనే ఇంకో సంస్థ కలిసి 1878లో ఒక సంయుక్త కమిటీ వేసుకున్నాయి. బ్రిటిష్ విదేశాంగ శాఖ యూదుల విషయమై ఎవరితో మాట్లాడాలన్నా ఆ కమిటీతోనే. అందులో ఎక్కువమంది పాత కుటుంబాల పెద్దలు. ఈలోగా జయనిజం, అంటే పలస్తీనాలో యూదులకి సొంత దేశం కావాలన్న ఉద్యమం, పుంజుకుంది. మాంచెస్టర్‌లో కెమిస్ట్రీ చెప్పే హయీం వైజ్‌మన్ నేరుగా మంత్రులతో మాట్లాడుతున్నాడు. బోర్డు పంపకుండానే! పెద్దలకి టెన్షన్ పట్టుకుంది. 1917 మే 24న టైమ్స్ పత్రికలో ఒక పెద్ద ఉత్తరం వచ్చింది. కింద రెండు సంతకాలు: బోర్డు అధ్యక్షుడు డేవిడ్ లిండో అలెగ్జాండర్, అసోసియేషన్ అధ్యక్షుడు క్లాడ్ మాంటిఫియోరి. సారాంశం ఇది: యూదులం ఒక మతం, ఒక జాతి కాదు. మేం బ్రిటిష్ వాళ్లం. మాకు వేరే దేశం ఉందంటే ఉన్న దేశంలో మమ్మల్ని పరాయివాళ్లుగా చూస్తారు.

ఆ వాదనలో బలం లేదని నేనను. అందులో ఉన్న భయం నిజమైనదే. కానీ వాళ్లు అది రాసేముందు డెప్యుటీలని అడగలేదు. జూన్ 17న బోర్డు సమావేశమైంది. ఆ ఉత్తరాన్ని ఖండిస్తూ తీర్మానం పెట్టారు. 56 మంది ఔనన్నారు, 51 మంది కాదన్నారు. అయిదు ఓట్లు. అలెగ్జాండర్ రాజీనామా చేశాడు. దీన్ని జయనిజం గెలుపుగా చెప్పుకుంటారు. కొందరు చరిత్రకారులు మాత్రం ఆ 56 మందిలో అందరూ జయనిస్టులు కారంటారు. మమ్మల్ని అడగకుండా మా పేరుతో ఎలా రాశారన్న కోపం చాలామందిది, బయటి ఊళ్లవాళ్లది, కొత్తగా వచ్చినవాళ్లది. నాకు ఈ రెండో మాటే నమ్మబుద్ధవుతుంది. మన సొసైటీ ఎన్నికలు చూసిన కళ్లు కదా ఇవి. సిద్ధాంతం కోసం పడిపోయిన అధ్యక్షుల్ని నేను చూడలేదు, "మాకు చెప్పలేదు" అన్న మాట మీద పడిపోయినవాళ్లని చాలామందిని చూశాను.

ఇప్పుడు మన మాంటేగు దగ్గరికి రండి. బోర్డు తీర్మానం జూన్‌లో. జులైలో ఆయన ఇండియా మంత్రి అయ్యాడు. ఆగస్టులో ఆ కాగితం రాశాడు. పలస్తీనా యూదుల జాతీయ నివాసం అంటే, ప్రతి దేశమూ తన యూదు పౌరుల్ని మీ దేశానికి పొండి అనడానికి సాకు దొరుకుతుంది, నన్ను ఇండియాకి మంత్రిగా పంపి ఇక్కడ పరాయివాణ్ణి చేస్తారా అన్నది ఆయన బాధ. అక్టోబరులో ఆయన ఇండియాకి బయల్దేరాడు. నవంబరు 2న, ఆయన దారిలో ఉండగా, పలస్తీనాలో యూదుల జాతీయ నివాసానికి బ్రిటన్ మద్దతు ఇస్తుందన్న బాల్ఫోర్ ప్రకటన వచ్చేసింది. ఆ ప్రకటన చివర ఉన్న రెండు షరతులు చూడండి. పలస్తీనాలో ఉన్న యూదేతర సమాజాల పౌర, మత హక్కులకి భంగం కలగకూడదు అన్నది ఒకటి. ఇతర దేశాల్లో యూదులు అనుభవిస్తున్న హక్కులకి, రాజకీయ హోదాకి భంగం కలగకూడదు అన్నది రెండోది. రెండో షరతులో మాంటేగు లాంటివాళ్ల భయం కనిపిస్తుంది. మొదటి షరతులో అప్పటికి ఆ నేల మీద తొంభై శాతం దాకా ఉన్న అరబ్బులకి పేరు కూడా లేదు, "యూదేతరులు" అని సరిపెట్టారు. బోర్డులో చెయ్యెత్తిన ఆ 107 మంది గదిలోనూ వాళ్లకి కుర్చీ లేదు. ఈ విషయాన్ని ఎవరు ఎలా చూసినా, ఇది మాత్రం మర్చిపోకూడదు.

తమాషా ఇంకా ఉంది. అలెగ్జాండర్ పోయాక బోర్డు అధ్యక్షుడైంది సర్ స్టువర్ట్ సామ్యుయెల్. ఆయన తమ్ముడు హెర్బర్ట్ సామ్యుయెల్ 1920లో పలస్తీనాకి మొదటి బ్రిటిష్ హైకమిషనర్ అయ్యాడు, జయనిజానికి గట్టి మద్దతుదారు. ఈ ఇద్దరూ మాంటేగుకి ఏమవుతారు? పెదనాన్న కొడుకులు! ఇంగ్లీషులో కజిన్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, మన లెక్కలో అన్నదమ్ములే. ఒకే ఇంటి పంచలో ఒకడు జాతి అంటాడు, ఇంకొకడు మతం అంటాడు. యూదులందరూ ఒక్కమాట మీద ఉంటారు అనేవాళ్లకి నేను ఈ ఇంటి కథ చెప్తుంటాను.

ఇంకో పందొమ్మిదేళ్లు ముందుకి. 1936 అక్టోబరు 4, ఆదివారం. ఆస్వాల్డ్ మోస్లీ అనే ఫాసిస్టు నాయకుడు నల్లచొక్కాల దండుతో లండన్ తూర్పు పేటల్లోంచి, సరిగ్గా యూదుల వీధుల్లోంచి ఊరేగింపు తీస్తానన్నాడు. బోర్డు ఏమన్నదో తెలుసా? ఇళ్లల్లో ఉండండి, అటు వెళ్లొద్దు అంది. పత్రికలో వేయించారు, సినగాగుల్లో చదివించారు. గొడవ జరిగితే చూశారా వీళ్లే రౌడీలు అని మోస్లీ చెప్పుకుంటాడు అన్నది అధ్యక్షుడు నెవిల్ లాస్కీ లెక్క. బారిస్టరు బుర్ర.

తూర్పు పేట వినలేదు. కమ్యూనిస్టులు, కార్మిక సంఘాలు, ఐరిష్ రేవు కూలీలు, యూదు దర్జీలు కలిసి లక్షమందికి పైగా వచ్చారని అంచనా. కేబుల్ స్ట్రీట్‌కి అడ్డంగా లారీ పడేసి, కుర్చీలూ బల్లలూ పేర్చారు. గుర్రాల పోలీసుల కాళ్లకింద గోళీలు దొర్లించారు. మేడల మీంచి ఆడవాళ్లు చేతికందింది గుమ్మరించారు, ఏమేం గుమ్మరించారో సభలో చెప్పలేను. చివరికి పోలీసు కమిషనరు మోస్లీని వెనక్కి తిరగమన్నాడు. ఆ ఏడాదే రాజకీయ పార్టీలు యూనిఫారాలు తొడగకూడదని చట్టం చేశారు.

కేబుల్ స్ట్రీట్ కథ చెప్పేవాళ్లందరూ బోర్డుని పిరికిపందలుగా చూపిస్తారు. నేను అంత తేలిగ్గా అనలేను. అదే బోర్డు పెద్దలు 1933లో, హిట్లర్ గద్దెనెక్కిన కొన్నివారాలకే, ప్రభుత్వానికి ఒక హామీ ఇచ్చారు: జర్మనీ నుంచి వచ్చే యూదు శరణార్థుల ఖర్చు ఖజానా మీద పడనివ్వం, మేం భరిస్తాం అని. ఎన్ని వేలమంది వస్తారో తెలియకుండా ఇచ్చిన మాట అది. ఆ మాట ఇవ్వాలంటే మంత్రి నమ్మాలి. మంత్రి నమ్మాలంటే వీధిలో గోళీలు దొర్లించే మనిషి పనికిరాడు. వీధి కాపాడాలంటే బారిస్టరు పనికిరాడు. రెండూ కావాల్సొచ్చాయి. ఇబ్బంది ఏమిటంటే, రెండూ ఒక్క సంస్థ చెయ్యలేకపోయింది. కేబుల్ స్ట్రీట్ తర్వాత వారానికే ఫాసిస్టులు మైల్ ఎండ్‌లో యూదుల దుకాణాల అద్దాలు పగలగొట్టారు, అది కూడా గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాత పాత కుటుంబాల పట్టు సడలింది. 1939లో అధ్యక్షుడైన సెలిగ్ బ్రొడెట్‌స్కీ ఉక్రెయిన్‌లో పుట్టి, చిన్నప్పుడే తూర్పు పేటకి వచ్చినవాడు. తండ్రి సినగాగులో చిన్న ఉద్యోగి. కొడుకు కేంబ్రిడ్జి గణితంలో ఫస్టు, లీడ్స్‌లో ప్రొఫెసరు. ఇంజనీరింగ్ కాలేజీల జిల్లాలో కూర్చున్నాం కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను. ఆయన జయనిస్టు. ఆయనతో బోర్డు దారి తేలిపోయింది, ఆనాటినుంచి ఇజ్రాయెల్‌కి మద్దతు బోర్డు పనుల్లో భాగం. 1971లో అతిసంప్రదాయవాదుల యూనియన్ ఒకటి బోర్డుని వదిలి వెళ్లిపోయింది. కారణం, మత విషయాల్లో సంస్కరణవాద రబ్బీల మాట కూడా తీసుకోవాలని బోర్డు నియమం మార్చుకోవడం. ఒకప్పుడు సంస్కరణవాదులు బయట, ఇప్పుడు సంప్రదాయవాదులు బయట. మహిళ అధ్యక్షురాలు కావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది, 240 ఏళ్లు.

రోజువారీ పని చూస్తే ఇందులో పెద్ద రాజకీయమేమీ కనిపించదు. దాదాపు మూడువందలమంది డెప్యుటీలు, ఎక్కువమందిని సినగాగులే ఎన్నుకుంటాయి. యూదుల పద్ధతిలో జంతువుని కోసే ఆచారం, మనకి తెలిసిన హలాల్‌కి దగ్గరి చుట్టం, దాన్ని నిషేధించాలని ఎవరైనా బిల్లు తెస్తే అడ్డుకోవడం. వాళ్ల విశ్రాంతి దినమైన శనివారం పరీక్ష పడిన పిల్లాడికి వేరే రోజు ఇప్పించడం. పోస్టుమార్టం త్వరగా చేయించి శవాన్ని ఇప్పించడం. విడాకుల్లో మొగుడు మతపరమైన పత్రం ఇవ్వకుండా ఏడిపిస్తుంటే, 2002లో దానికో చట్టం వచ్చేలా చూశారు. పెళ్లిళ్ల ముద్ర ఇంకా అధ్యక్షుడి దగ్గరే ఉంది! సినగాగులో సభ్యత్వం లేని యూదుడికి మాత్రం ఇందులో ఓటు దాదాపు లేనట్టే. దేవుణ్ణి నమ్మని యూదులు, సభ్యత్వం కట్టనివాళ్లు తక్కువేం కాదు. బోర్డు "బ్రిటిష్ యూదులు అనుకుంటున్నారు" అన్నప్పుడల్లా వాళ్లు పళ్లు కొరుకుతారు.

మరి ప్రభుత్వం ఎందుకు వింటుంది? ప్రభుత్వానికి ఒక తలుపు కావాలి కాబట్టి. మంత్రి మూడు లక్షలమందితో మాట్లాడలేడు, ఒకరితో ఫోటో దిగగలడు. ఈ అవసరం యూదుల దగ్గరే ఆగలేదు. ముస్లిం కౌన్సిల్ ఆఫ్ బ్రిటన్ 1997లో వచ్చింది, హిందువులకీ అలాంటి సంస్థలున్నాయి. అక్కడ మనవాళ్లకి తగిలిన కేసు ఒకటి చెప్తాను. వివక్ష చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు నిర్ణయించింది. హిందూ సంస్థలు వద్దన్నాయి, మా సమాజానికి మచ్చ అన్నాయి. దళిత సంఘాలు కావాలన్నాయి, మా మీదే కదా జరిగేది అన్నాయి. 2018లో ప్రభుత్వం ఆలోచన మానుకుంది. "సమాజం" అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చింది, ఎవరి ఇంట్లో చెల్లింది, అది వేరే ఉపన్యాసం. ఇంకోసారి పిలిస్తే చెప్తాను.

అదే 2018 మార్చి 26న మంత్రుల చుట్టూ తిరిగే ఈ బోర్డు రోడ్డెక్కింది. లేబర్ పార్టీలో యూదు వ్యతిరేకతని అప్పటి ఆ పార్టీ నాయకుడు జెరెమీ కార్బిన్ పట్టించుకోవడం లేదని, "ఇక చాలు" అంటూ పార్లమెంటు ముందు సభ పెట్టింది. 1936లో ఇంట్లో ఉండమన్న సంస్థ! అదే సాయంత్రం అక్కడే కార్బిన్‌ని సమర్థించే యూదులు వేరే గుంపుగా నిలబడ్డారు. వారం తర్వాత పస్కా పండగ విందుకి కార్బిన్ ఒక వామపక్ష యూదు బృందం దగ్గరికి వెళ్తే, బోర్డు మండిపడింది. ఆ బృందం నవ్వింది, ఏ యూదులతో భోంచెయ్యాలో కూడా మీరే చెప్తారా అని. ఇక్కడ నా మాట సూటిగా చెప్తాను. ఫిర్యాదులో పస ఉంది. 2020 అక్టోబరులో అక్కడి సమానత్వ కమిషన్ విచారించి, లేబర్ పార్టీ మూడు విషయాల్లో చట్టం ఉల్లంఘించిందని తేల్చింది. అంతమాత్రాన విందుకి ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పే హక్కు బోర్డుకి వచ్చిందని నేననుకోను. రెండూ వేరు.

ఇక చివరిది. గాజా యుద్ధం. 2025 ఏప్రిల్‌లో 36 మంది డెప్యుటీలు ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికకి బహిరంగ లేఖ రాశారు. ఇంక మౌనంగా ఉండలేమని. ఇది బోర్డు అభిప్రాయమని జనం పొరబడేలా ఉందని బోర్డు విచారణ వేసింది. 36 మందీ నియమావళి తప్పారని తేల్చి, జూన్‌లో అయిదుగుర్ని రెండేళ్లు సస్పెండ్ చేసింది. 1917లో డెప్యుటీలని అడగకుండా పత్రికకి రాసింది నాయకులు, వాళ్లని దింపింది డెప్యుటీలు. 2025లో నాయకుల్ని అడగకుండా రాసింది డెప్యుటీలు, శిక్ష వేసింది నాయకత్వం. నూటెనిమిదేళ్ల తేడా, పత్రిక పేరు కూడా సగం అదే.

మాంటేగు ఏమయ్యాడని వెనక బెంచీ నుంచి ఎవరో అడుగుతున్నారు. చెప్తాను. 1922 మార్చిలో, టర్కీ మీద రుద్దిన సంధిని సడలించాలని, భారత ముస్లింల మనసు కష్టపడుతోందని ఢిల్లీ నుంచి ఒక టెలిగ్రాం వెళ్లింది. పంపిన వైస్రాయి లార్డ్ రీడింగ్, ఆయనా యూదుడే. దాన్ని మాంటేగు మంత్రివర్గాన్ని అడగకుండా పత్రికలకి ఇచ్చేశాడు. రాజీనామా చెయ్యమన్నారు, చేశాడు. ఇంకో రెండేళ్లకి, నలభై అయిదో ఏట పోయాడు.